గోడల్లేని మఠం గురించి రాస్తున్న అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో ఒకప్పుడుండిన మ్యూస్ క్రైస్తవ మఠం మీద నువ్వు పంపిన వ్యాసం శ్రద్ధగా చదివాను. హల్ నగరంలో చదువుకుంటూ, సెలవు దొరికితే పనిగట్టుకుని ఆ పొలాల దాకా వెళ్లి చూసొచ్చి రాశావంటే ముచ్చటేసింది. ముందే చెబుతున్నాను, దీన్ని మధ్యలో వదిలెయ్యకు. కానీ మొదటి రెండు పేజీలు మాత్రం తీసెయ్యాలి.

ఎందుకంటే వాటిలో నాచు పట్టిన తోరణాలున్నాయి, కప్పు ఎగిరిపోయిన ప్రార్థనాలయం ఉంది, స్తంభాల మధ్య పొగమంచు ఉంది. అవన్నీ ఫౌంటెన్స్ మఠానివి. అదీ యార్క్‌షైర్‌లోనే ఉంది, ఎక్కడ చూసినా దాని ఫోటోలే కాబట్టి నీకు తెలియకుండానే కలంలోకి వచ్చేశాయి. మ్యూస్‌లో నేలమీద ఒక్క గోడ నిలబడి లేదు. గడ్డి పొలంలో ఎత్తుపల్లాలున్నాయి, పాత కాలవల గుర్తులున్నాయి, అంతే. నీ కళ్లతో చూసిందే రాయి. పాఠకుడు శిథిలాల కోసం ఎదురుచూస్తాడేమోనని టెన్షన్ పడొద్దు. ఏమీ లేదని మొదటి పేరాలోనే చెప్పేస్తే, మరి ఇంత పెద్ద మఠం ఎలా మాయమైందని అతనే అడుగుతాడు. ఆ ప్రశ్న పుడితే చాలు, మిగతా వ్యాసం అతను చదువుతాడు.

సిస్టర్షియన్ల గురించి నువ్వు రాసిన మూడు పేజీలూ ఒక పేరాకి కుదించు. తెలుగు పాఠకుడికి వాళ్లెవరో చెప్పాల్సిందే. 1098లో ఫ్రాన్సులోని బర్గండీలో, సీటో అనే చోట మొదలైన సంప్రదాయమనీ, పాత మఠాలు సంపదలో మెత్తబడిపోయాయని వేరుపడ్డవాళ్లనీ, రంగు వేయని ఉన్ని అంగీలు తొడిగేవాళ్లనీ, ఊళ్లకు దూరంగా ఉండి తమ చేతులతో తామే పని చేసుకు బతకాలన్నది వాళ్ల నియమమనీ చెప్పు. 1132లో ఫౌంటెన్స్, దాని నుంచి 1151లో మ్యూస్ పుట్టాయని చెప్పి కథలోకి వెళ్లిపో.

కథ మొదలే ఎంత బాగుందో చూడు. ఆమాల్ ప్రభువు విలియం అప్పటికి బాగా లావెక్కి, వయసు మళ్లినవాడు. జెరూసలేం యాత్ర చేస్తానని ఎప్పుడో మొక్కుకున్నాడు. వెళ్లే ఓపిక లేదు, మొక్కు తీర్చకపోతే మనసు ఊరుకోదు. ఆయన కట్టిస్తున్న వేరే మఠం పని చూడ్డానికి ఫౌంటెన్స్ నుంచి ఆదాము అనే సన్యాసి వచ్చి ఉన్నాడు. ప్రభువు దిగులు కనిపెట్టి, యాత్రకు బదులు ఇంకో మఠం కట్టించండి, మొక్కు నుంచి విడుదల ఇప్పిస్తామని అతను చెప్పాడు. అప్పటి పోప్ మూడో యూజీనియస్ కూడా సిస్టర్షియనే, ఆ సంప్రదాయంలో పెద్ద పేరున్న క్లేర్వో బెర్నార్డు శిష్యుడు. మాట వెళ్లింది, విడుదల వచ్చింది. ఇక స్థలం ఎంచుకో అన్నాడు విలియం. ఆదాము హోల్డర్నెస్ అనే ఆ ప్రాంతమంతా తిరిగి మ్యూస్ దగ్గర ఆగి, చేతికర్ర నేలలో గుచ్చి, ఇదే నిత్యరాజు కొలువు కావాలి, పరలోకపు ద్రాక్షతోట కావాలి అన్నాడట. విలియం గుండె గుభేలుమంది. వేట కోసం చుట్టూ కంచె వేయించుకుందామని అప్పుడే వేరే భూమి ఇచ్చి మార్చుకున్న చోటు అది. వేరేది చూడమని బతిమాలాడు. సన్యాసి వినలేదు.

నువ్వు ఈ ఘట్టాన్ని పక్కనే నిలబడి చూసినట్టు, ఆ మాటలు చెవులారా విన్నట్టు రాశావు. ఇక్కడ కాస్త ఆగాలి. దీన్ని మనకు చెప్పినవాడు థామస్ బర్టన్, అదే మఠానికి 1396 నుంచి 1399 దాకా అధిపతి. అంటే జరిగిన దాదాపు రెండున్నర శతాబ్దాల తర్వాత రాశాడు. తన మఠం పుట్టుక కథని ఆ మఠపు మనిషే చెబుతున్నాడు. కథ తీసెయ్యమని అనడం లేదు, తీసేస్తే వ్యాసానికి ప్రాణమే పోతుంది. బర్టన్ ఇలా చెప్పాడని ఒక్క మాట కలిపి, తర్వాత హాయిగా చెప్పుకో. కథలో రుచి తగ్గదు, పాఠకుడికి నీ మీద నమ్మకం పెరుగుతుంది.

నేను ఈ ఉత్తరం రాస్తున్నది ముఖ్యంగా ఈ సంగతి చెప్పడానికే. మ్యూస్ పోయింది, బర్టన్ పుస్తకం మిగిలింది. 1150 నుంచి 1396 దాకా ఒక్కో అధిపతి కాలం వరసగా, లాటిన్‌లో రాసిన పెద్ద చరిత్ర అది. 1866–68 మధ్య మూడు సంపుటాలుగా అచ్చయింది. నీ వ్యాసంలో ప్రతి వాక్యమూ అటు తిప్పీ ఇటు తిప్పీ అక్కడికే చేరుతుంది. అలాంటప్పుడు నీ పని రెండు రకాలు. ఒకటి, ఆ మనిషిని ప్రేమించడం. రెండు, ఆయన ఎక్కడ నిలబడి మాట్లాడుతున్నాడో ఒక్క క్షణం కూడా మరిచిపోకపోవడం. ఊరి కరణం దస్త్రంలో పొలాలన్నీ కనబడతాయి, శిస్తులన్నీ కనబడతాయి, కానీ అన్నీ కరణం కళ్లతోనే కనబడతాయి కదా, అలాంటిదే ఇదీ.

ప్రేమించమని ఎందుకన్నానో చెబుతాను. బర్టన్ ఎన్నిక సజావుగా జరగలేదు. మఠంలో ఒక వర్గం ఒప్పుకోలేదు, తగాదా ముదిరింది, మూడేళ్లకే పదవి వదులుకున్నాడు. అలాంటి మనిషి పాత కాగితాల మీద పడ్డాడు. ఎవరికీ పట్టని తోలుపత్రాలు కొన్ని వానలో తడుస్తుంటే, కొన్ని పొయ్యిలోకి పోబోతుంటే ఏరి తెచ్చుకున్నానని తనే చెప్పుకున్నాడు. ఒక్కో అధిపతి దిగిపోయేనాటికి మఠానికి ఎన్ని గొర్రెలున్నాయి, ఎన్ని పశువులున్నాయి, అప్పు ఎంత ఉంది అన్నీ రాశాడు. 1280 ప్రాంతంలో సుమారు 11,000 గొర్రెలు, వెయ్యి పశువులు ఉండేవని మనకు తెలుస్తున్నదంటే అది ఆయన పుణ్యమే. 1396 నాటి పుస్తకాల జాబితా కూడా దొరికింది. పుస్తకాలు పోయాయి, ఏ బీరువాలో ఏ పుస్తకం ఉండేదో ఆ సంగతి మిగిలింది. ఇంత ఓపిక చూపించిన మనిషిని గౌరవించకుండా మ్యూస్ గురించి రాయలేం.

ఇక ఆయన ఎవరి గురించి తక్కువ మాట్లాడాడో వెతుకు. మ్యూస్ ఊరు మఠం కంటే పాతది, 1086లో ఇంగ్లండు భూముల లెక్కలు రాయించిన డోమ్స్‌డే పుస్తకంలోనే దాని పేరుంది. మఠం వచ్చాక ఊరి చోటు మఠపు కమతమైంది. అక్కడుండే వాళ్లు ఏమయ్యారు? నీ వ్యాసంలో సన్యాసులు 'నిర్జన ప్రదేశానికి' వచ్చారని రాశావు. ఆ మాట సిస్టర్షియన్లు తమ గురించి తాము ఇష్టంగా చెప్పుకునే మాట. నీ నోటితో చెప్పకు.

నీళ్ల గురించి నువ్వు రాసిన పేజీ చాలా నచ్చింది, దాన్ని ఇంకా పెంచు. హోల్డర్నెస్ పల్లపు నేల, ముంపు నేల. హల్ నది నుంచి మఠం దాకా ఎస్కెడైక్ అనే కాలవ తవ్వారు, పడవలు రావడానికి. తర్వాత ఇంకా తవ్వారు, కొన్ని మురుగు తీయడానికి, కొన్ని సరుకు మోయడానికి, చాలావరకు రెంటికీ. మఠం అనగానే మన మనసుకి గంటలూ కీర్తనలూ వస్తాయి. ఇక్కడ పారలూ బురదా ముందు రావాలి. తవ్వినవాళ్లలో శ్రామిక సోదరులుంటారు. వాళ్లూ ప్రమాణం చేసినవాళ్లే, గడ్డాలు పెంచుకుని మఠంలోనే బతికేవాళ్లు. కానీ చదువు లేనివాళ్లు, గాయకబృందంలో చోటు లేనివాళ్లు. ప్రార్థనాలయంలో వాళ్లకి వేరే భాగం ఉండేది. 1249లో మ్యూస్‌లో 60 మంది సన్యాసులు, 90 మంది శ్రామిక సోదరులు. ఈ రెండో అంకెని నువ్వు బ్రాకెట్లో పెట్టావు. బయటికి తియ్యి. ఆ మఠాన్ని నిలబెట్టింది వాళ్లే.

నేల పలకల సంగతి నీ వ్యాసంలో అసలు లేదు. ఆశ్చర్యపోయాను, ఎందుకంటే చేత్తో పట్టుకుని చూడగలిగిన మ్యూస్ అదొక్కటే. 13వ శతాబ్దం నడిమిలో ప్రార్థనాలయంలో మట్టి పలకల నేల పరిచారు. ఒకే కొలత చదరాలు కావు. వృత్తఖండాలు, ఆకులు, కోణాలు వేరువేరుగా పచ్చి మట్టి మీదే కోసి, సీసం కలిపిన మెరుగు పూసి, కొన్ని పసుపుగా, కొన్ని ముదురు రంగులో కాల్చి, ఒకదాంట్లో ఒకటి ఇమిడేలా పేర్చారు. కాల్చిన బట్టీ మఠపు కమతంలోనే తవ్వకాల్లో బయటపడింది. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఆ పలకలున్నాయి, వీలు చూసుకుని వెళ్లు. అంచులు చూడు, కత్తి పోయిన వాలు చూడు. ఆ పలకల మీద పెట్టిన పేరా ముందు నీ పొగమంచు రెండు పేజీలూ తేలిపోతాయి.

ఇప్పుడు 1349. దీన్ని నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు: 'ప్లేగు మఠాన్ని కబళించింది.' అమ్మా, ఇది అలా దాటేసే చోటు కాదు. వ్యాసం మొత్తం ఇక్కడ నెమ్మదించాలి.

అప్పటి అధిపతి హ్యూ. ఆయన శ్రామిక సోదరుల భాగంలో పెట్టడానికి కొత్త సిలువ ప్రతిమ చెక్కించాడు. శిల్పి శుక్రవారాల్లోనే, రొట్టె నీళ్లతో ఉపవాసం ఉండి, ముఖ్యమైన భాగాలు చెక్కేవాడట. ఎదురుగా ఒక మనిషిని నగ్నంగా నిలబెట్టుకుని, అతని దేహం చూస్తూ మలిచాడని బర్టన్ రాశాడు. ఆ ప్రతిమ దగ్గర అద్భుతాలు జరిగాయని పేరొచ్చింది. సిస్టర్షియన్ ప్రార్థనాలయాల్లోకి ఆడవాళ్లని రానివ్వరు. ప్రతిమ కోసం నియమం సడలించి రానిచ్చారు, భక్తి పెరుగుతుందని. బర్టన్ ఏమంటాడంటే, వాళ్లు చూడ్డానికే వస్తున్నారు, భక్తి కనబడదు, వచ్చినవాళ్లకి తిండీ బసా ఖర్చు మాత్రం పెరిగింది. ఈ ఫిర్యాదుని వదలకు. ఇందులో లెక్కల మనిషి విసుగు వినబడుతుంది. మరో పక్క నుంచి వింటే, ఎన్నాళ్లుగానో మూసి ఉన్న తలుపు తెరిచారంటే చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్లు ఎంత ఆశగా లోపలికి వచ్చి నలువైపులా చూసి ఉంటారో కూడా తెలుస్తుంది. చూడ్డానికి రావడం తప్పెలా అవుతుంది? ఇది నా మాట. నీ వ్యాసంలో నీ మాట పెట్టుకో, కానీ పెట్టు.

ఆ ఏడాది ఈస్టరు ముందు ఉపవాస దినాల్లో ఒక శుక్రవారం, సాయంకాల ప్రార్థన జరుగుతోంది. మరియమ్మ కీర్తన పాడుతున్నారు. బలవంతుల్ని సింహాసనాల మీద నుంచి పడదోశాడనే పాదం దగ్గరికి వచ్చేసరికి భూమి కంపించింది, సన్యాసులు తమ ఆసనాల్లోంచి కింద పడ్డారు. బర్టన్ దీన్ని రాబోయే దానికి సూచనగా చెబుతాడు. నువ్వు ఆ పాదం ఏదో చెప్పి ఊరుకో. మన క్రైస్తవ పాఠకులు గుర్తుపడతారు, మిగతావాళ్లకీ అర్థమవుతుంది. 'ఎంత విచిత్రం' అని నువ్వు కలిపావంటే చెడగొట్టినట్టే.

ఆగస్టు వచ్చింది. ఒక్కరోజే అధిపతి హ్యూ, ఇంకో ఐదుగురు సన్యాసులు పోయారు, పాతిపెట్టేవాళ్లు లేక దేహాలు అలాగే ఉన్నాయి. మహమ్మారి వచ్చేనాటికి 42 మంది సన్యాసులు, ఏడుగురు శ్రామిక సోదరులు. అది పోయాక పదిమంది సన్యాసులు మిగిలారు. శ్రామిక సోదరుల్లో ఒక్కరూ మిగల్లేదు.

అంకెలు ఇలాగే రాయి, విశేషణాలు వద్దు. కబళించింది, కాటేసింది, మృత్యుఘోష, ఇవేవీ వద్దు. 90 అనే అంకె ముందే చెప్పి ఉంటావు కాబట్టి, ఏడుకి ఎప్పుడు, ఎందుకు తగ్గిందో ఒక వాక్యం చాలు: ప్లేగుకి ముందే ఆ వ్యవస్థ సన్నగిల్లిపోయింది, భూముల్ని కౌలుకివ్వడం, కూలికి మనుషుల్ని పెట్టుకోవడం వచ్చేసింది. ఆ తర్వాత సున్నా. తొంభైమంది కోసం కట్టిన భాగంలో కొత్త సిలువ ఉంది, దాని ముందు మోకరించాల్సిన సోదరులు లేరు.

మిగిలిన పదిమంది అంత భూమిని ఎలా చూసుకున్నారు? ఇక్కడే నీకు దొరికే గొప్ప ఘట్టం ఉంది, నువ్వు తాకనే లేదు. ప్లేగు తర్వాత కూలీల కొరత వచ్చింది, బతికినవాళ్ల పనికి విలువ పెరిగింది. మఠం కింద భూమికి కట్టుబడి ఉన్న రైతులు కొందరు, సెల్లరర్ అనే ఇంటిపేరు గలవాళ్లు, మేం మఠం సొత్తు కాదు, రాజు మనుషులం అని అడ్డం తిరిగారు. ఆ కట్టుబాటు పుట్టుకతో వచ్చేది, తండ్రి నుంచి కొడుక్కి దిగేది. కాబట్టి వాదన తాతముత్తాతల దాకా పోయింది. ఏళ్ల తరబడి నడిచిన ఆ వ్యాజ్యాన్ని బర్టన్ పేజీలకి పేజీలు రాశాడు. చివరికి మఠమే నెగ్గింది. వాళ్లు తమ నోటితో చెప్పిన కథ మన దగ్గర లేదు. కానీ ప్రత్యర్థి అంత వివరంగా రాశాడంటే వాళ్లు ఎంత గట్టిగా నిలబడి ఉంటారో ఊహించు. ఊహ అని చెప్పే రాయి. ఆ కుటుంబానికి నీ వ్యాసంలో కనీసం మూడు పేజీలు ఇవ్వాలి. మఠాధిపతుల పేర్లన్నీ వరసగా ఇచ్చిన పేజీ తీసేస్తే చోటు దానంతటదే వస్తుంది.

సముద్రం మింగేసిన రావెన్సర్ ఆడ్ పట్నం గురించి నువ్వు రాసింది బాగుంది. హంబర్ నది ముఖద్వారంలో ఇసుకతిన్నె మీద లేచిన ఆ రేవు 14వ శతాబ్దం నడిమిలో నీళ్లపాలైంది, అక్కడి సమాధుల్లోంచి శవాలు తేలాయని కూడా బర్టనే చెప్పాడు. కానీ అది వేరే వ్యాసం. ఇక్కడ ఒక పేరాకి మించనివ్వకు. మంచి సమాచారం దొరికినప్పుడు దాన్ని పక్కన పెట్టడం కష్టమే. ఒక నోట్‌బుక్‌లో రాసి పెట్టుకో, దాని రోజు దానికి వస్తుంది.

చివరి భాగం. 1539లో, మఠాలన్నిటినీ మూయిస్తున్న ఎనిమిదో హెన్రీ రాజు మనుషులకి మ్యూస్‌ని అప్పగించారు. నువ్వు రాజుని తిట్టి ముగించావు. నీ కోపం నాకర్థమైంది, అయినా రాళ్ల వెంట వెళ్లు. మ్యూస్ రాళ్లు హల్‌కి వెళ్లాయి. 1540లలో ఆ రాజే హల్ నది తూర్పు గట్టున కోట, బురుజులు కట్టించినప్పుడు అందులో వాడారు. హల్ అనే పట్నం అంతకుముందు ఏమిటి? వైక్ అని మఠంవాళ్ల రేవు. 1293లో మొదటి ఎడ్వర్డ్ దాన్ని మఠం దగ్గరే కొన్నాడు, అందుకే అది కింగ్‌స్టన్, రాజుగారి ఊరు, అయింది. తాము అమ్మిన ఊరి కోటగోడల్లోకే మఠం రాళ్లు చేరాయి. ఆ కోటా ఇప్పుడు లేదు. నువ్వు రోజూ తిరిగే వీధులకి దగ్గరలోనే ఉండేది, నది దాటి వెళ్లి ఆ చోటు చూసి రా.

ఇంకొకటి, ఇది మొదటి భాగంలోకి వెళ్లాలి. 1150 ప్రాంతంలో ఆదాము కట్టిన తొలి కట్టడాలకి కలప ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసా? విలియం పడగొట్టించిన మౌంట్‌ఫెరాంట్ కోట కలప. కింద పడుకోవడం, పైన ప్రార్థన, అలా సర్దుకున్నారు. ఆ పేదరికానికి తట్టుకోలేక 1160లో చెదిరిపోయారు కూడా. ఆదాము అధిపతి పదవి వదిలి వాటన్ అనే చోట ఏకాంతవాసిగా ఉండిపోయాడు, అక్కడ అగ్నిప్రమాదం జరిగాక మళ్లీ మ్యూస్‌కే వచ్చి కన్నుమూశాడు. కోట నుంచి వచ్చిన కలప మొదట్లో చెప్పు, కోటకి వెళ్లిన రాళ్లు చివర్లో చెప్పు. రెంటినీ కలుపుతూ వాక్యం రాయకు.

భాష గురించి ఎక్కువ చెప్పను, నీ వాక్యం శుభ్రంగానే ఉంది. 'చేయబడింది', 'నిర్మించబడింది' ఎక్కువయ్యాయి. ఎవరు చేశారో వెతికి కర్తని పెట్టు. ఈ వ్యాసంలో అది మరీ అవసరం, ఎందుకంటే 'కాలవలు తవ్వబడ్డాయి' అన్నప్పుడల్లా ఆ శ్రామిక సోదరులు ఇంకోసారి మాయమవుతున్నారు.

బర్టన్ సంపుటాలకి మార్జిన్‌లో ఇంగ్లీషు సూచనలుంటాయి, లాటిన్ రాకపోయినా ఆ దారి పట్టుకుని వెళ్లొచ్చు. ముందు హ్యూ కాలం, తర్వాత రైతుల వ్యాజ్యం చూడు. ఆ రెండు భాగాలూ రాసి పంపు, మిగతావి తర్వాత చూద్దాం. చలికాలం కదా, పొలాల్లోకి వెళ్లేటప్పుడు బూట్లు వేసుకుని వెళ్లు, ఆ నేల ఇప్పటికీ నీరు పట్టే నేలే.

ఆశీస్సులతో,
మీ మాస్టారు